అల్లుడికి లేఖ: సైరన్‌తో పాటే ఫోన్ కూడా మోగాలంటే

అనంతపురం

అల్లుడూ,

పెరటి తలుపు తెరిచిన పదకొండు నిమిషాలకు గానీ నీ ఫోన్‌కు మెసేజ్ రాలేదని, అలారం పెట్టె మార్చేద్దామా అని అడిగావు. ఇప్పుడే మార్చొద్దు. ఆలస్యం ఎక్కడ అవుతోందో తేలకుండా కొత్తది బిగిస్తే, అదే ఆలస్యం దానికీ అంటుకుంటుంది.

ఇక్కడ తలుపు తెరుచుకున్న కబురు బెంగళూరులో నీ జేబు దాకా రావాలంటే చాలా చేతులు మారాలి. తలుపు మీది సెన్సర్, ప్యానెల్‌కు అంటే అలారం పెట్టెకు చెప్పాలి. ప్యానెల్ రౌటర్ ద్వారా కంపెనీ సర్వర్‌కు పంపాలి. ఆ సర్వర్ గూగుల్‌కో, ఐఫోన్ అయితే ఆపిల్‌కో అందించాలి. అక్కడి నుంచి నీ ఫోన్‌కు రావాలి. సర్వర్ల మధ్య మామూలుగా పోయేది ఒకటి రెండు సెకన్లే. నిమిషాలు పోయేది రెండు కొసల్లో: ఇంట్లో రౌటర్ కాడ, నీ చేతిలో ఫోన్ కాడ.

ముందు కొలిచి చూడు. మీ నాన్నను తలుపు తెరవమని, నువ్వు ఇంకో ఫోన్‌లో లైన్‌లో ఉండి, తలుపుకూ సైరన్‌కూ మధ్య ఎంత, సైరన్‌కూ మెసేజ్‌కూ మధ్య ఎంత అని రాసుకో. కొలిచేముందు ప్యానెల్‌లో ఎంట్రీ డిలే సున్నా చెయ్. మనం లోపలికొచ్చి ఆపుకోవడానికి అది 30 సెకన్లో ఎంతో కావాలనే ఆగుతుంది, దాన్ని నెట్ తప్పనుకుంటావు. తర్వాత ముందు తలుపుకు మాత్రం మళ్లీ పెట్టు. పెరటి తలుపుకు, కిటికీలకు గడువే వద్దు.

ఈ కొలత మూడు సార్లు చెయ్యాలి. ఫోన్ వైఫైలో ఉన్నప్పుడొకటి, మొబైల్ డేటాలో ఒకటి. మూడోది అసలైనది: ఛార్జర్ తీసేసి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ను గంటకు పైగా బల్ల మీద కదపకుండా వదిలేశాక. చేతిలో వెలుగుతున్న ఫోన్‌కు మూడు సెకన్లలో వచ్చింది, నిద్రపోయిన ఫోన్‌కు పది నిమిషాలకు వచ్చిందంటే తప్పు ఇంట్లో లేదు, నీ ఫోన్‌లోనే ఉంది. దొంగ వచ్చేది ఫోన్ నిద్రపోయే వేళకే కదా.

ఆండ్రాయిడ్ 6 నుంచి కదలకుండా పడున్న ఫోన్ యాప్‌లను నిద్రపుచ్చుతుంది. అత్యవసరమని గుర్తు పెట్టి పంపిన మెసేజ్‌ను గూగుల్ ఆ నిద్రలోనూ అందిస్తుంది. చిక్కంతా ఫోన్ కంపెనీలు బ్యాటరీ మిగల్చడానికి దానిపైన పెట్టుకున్న సొంత కట్టడితోనే. షావోమీ అయితే అలారం యాప్‌కు ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ సేవర్‌లో ‘నో రిస్ట్రిక్షన్స్’ పెట్టు. శాంసంగ్‌లో ‘నెవర్ స్లీపింగ్ యాప్స్’ జాబితాలో చేర్చు. వివోలో బ్యాక్‌గ్రౌండ్‌లో ఎక్కువ బ్యాటరీ వాడే అనుమతి ఇవ్వు. డేటా సేవర్ వాడుతుంటే దాని నుంచీ మినహాయించు. ఫోర్స్ స్టాప్ ఎప్పుడూ కొట్టకు, ఆ యాప్‌ను మళ్లీ నువ్వే తెరిచేదాకా ఒక్క మెసేజూ రాదు. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసిన యాప్ నోటిఫికేషన్‌కు అనుమతి అడుగుతుంది, తొందరలో ‘వద్దు’ నొక్కేసినవాళ్లు చాలామంది. ఐఫోన్ వాడేవాళ్లు ఫోకస్‌లో ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వాలి. క్రిటికల్ అలర్ట్స్ మీట ఉంటే ఆన్ చెయ్యాలి, అది సైలెంట్‌లోనూ మోగుతుంది.

ఇంకొకటి, శబ్దం. ఆండ్రాయిడ్‌లో ఒకే యాప్‌లోని రకరకాల నోటిఫికేషన్లకు వేర్వేరు మోత పెట్టుకోవచ్చు. అలారం రకానికి గట్టి మోత పెట్టి, డు నాట్ డిస్టర్బ్‌లోనూ మోగేలా చెయ్. ‘సిస్టమ్ ఆన్ అయింది, ఆఫ్ అయింది’ అనేవాటి మోత తీసెయ్. రోజుకు ఇరవై సార్లు మోగేదాన్ని ఇరవై ఒకటోసారి ఎవరూ చూడరు.

ఇక ఇల్లు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, సరే. రౌటర్ ప్లగ్గు ఆ లైన్‌లో ఉందా? చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లే ఇన్వర్టర్ లైన్‌లో ఉంటాయి. ఉన్నా, ఇన్వర్టర్ వెనక మీట నార్మల్‌లో ఉంటే కరెంటు మారే క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, లైన్‌లోకి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌కు తిప్పు. అప్పటికీ ఆగుతుంటే రౌటర్‌కు చిన్న మినీ యూపీఎస్ కొను. అడాప్టర్ మీద 12 వోల్టులు 1.5 ఆంపియర్లని ఉంటే యూపీఎస్ కూడా సరిగ్గా 12 వోల్టులే ఇవ్వాలి, ఆంపియర్లు 1.5 గానీ పైన గానీ ఉండాలి. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ కావాలి. కరెంటు పోయినప్పుడు డబ్బా మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ రావట్లేదని చెప్పే) ఎర్ర లైటు వెలిగిందా, ఆగిపోయింది వీధిలో ఆపరేటర్ సామాను. నువ్వు ఎన్ని బ్యాటరీలు పెట్టినా ఆ కొస పనిచెయ్యదు.

ప్యానెల్‌ను రౌటర్‌కు వైఫైతో కాదు, లాన్ తీగతో కలుపు. ఇనుప బీరువా వెనక పెట్టకు. వైఫైతో నేరుగా నడిచే బ్యాటరీ సెన్సర్లు నిద్ర లేచి రౌటర్‌ను పట్టుకోవడానికే కొన్ని సెకన్లు తీసుకుంటాయి. ప్యానెల్‌తో సొంత రేడియోలో మాట్లాడేవి నయం.

ఇంత చేసినా నెట్ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఫైబర్ తీగ స్తంభం మీదుగా వస్తుంది, కత్తెర చాలు. అందుకే ప్యానెల్‌లో సిమ్ ఉండాలి, అది ఫోన్ కాల్ చెయ్యాలి. పాత ప్యానెళ్లు 2జీవి; జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే నెట్‌వర్కే పట్టదు. వేసేముందు సిమ్‌కు పిన్ లాక్ ఉంటే తీసెయ్. రీఛార్జ్ ముగిసే తేదీ మీ ఇద్దరి ఫోన్లలోనూ గుర్తు పెట్టు, ఎక్కువసార్లు ఈ దారి మూసుకుపోయేది దాని వల్లే. ఆ సిమ్ నంబర్‌ను కాంటాక్ట్స్‌లో నక్షత్రం గుర్తుతో దాచు, స్పామ్ కాల్స్ ఆపే యాప్ దాన్ని తొక్కిపెట్టకుండా చూడు. ప్యానెల్ నంబర్లను వరసగా పిలుస్తుంది, కాబట్టి మొదటి నంబర్ నీది కాదు, ఎత్తే మనిషిది, అయిదు నిమిషాల్లో ఇంటికి చేరగలవాళ్లది పెట్టు. మీ అమ్మానాన్న శ్రీశైలం పోతూ నల్లమలలో ఉంటే సిగ్నల్ చాలాచోట్ల దొరకదు, కబురు అడవి దాటాక అందుతుంది. పక్కింటివాళ్లకు ముందే చెప్పి, 112కు ఎవరు చెయ్యాలో కూడా మాట్లాడుకోండి.

యాప్‌లో ‘ప్యానెల్ ఆఫ్‌లైన్’ హెచ్చరిక కూడా ఆన్ చెయ్. తెగిన తీగ తనంతట తాను చెప్పుకోలేదు, సర్వరే చెప్పాలి.

ఇక మన ఎండల సంగతి, సెన్సర్ల సంగతి. గది 37 డిగ్రీల దగ్గరికి వేడెక్కితే ఒంటి వేడికీ గోడ వేడికీ తేడా తగ్గి కదలిక సెన్సర్ సరిగా పట్టదు; ఏప్రిల్, మే నెలల్లో తలుపులకు బిగించే అయస్కాంతం సెన్సర్ల మీదే ఎక్కువ ఆధారపడు. కదలిక సెన్సర్ అద్దం మీద బల్లి పాకినా మోగుతుంది, మూలల్లో బూజు దులుపు. ఇనుప తలుపుకు ఇనుప తలుపుల రకం అయస్కాంతమే వెయ్, మామూలుది ఇనుము మీద సరిగా పట్టదు.

ప్యానెల్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ వేడికి తొందరగా చస్తుంది. ఆరు నెలలకోసారి కరెంటు తీసి ఒక నిమిషం సైరన్ మోగించి వోల్టేజ్ మీటర్ పెట్టు, 11.5 వోల్టుల కంటే దిగితే మార్చు. కొత్తది వేసిన రోజు దాని మీద మార్కర్‌తో తేదీ రాయి. మొదట ఆ మూడో కొలత చేసి, ఎన్ని సెకన్లు వచ్చిందో రాయి.

మీ మామ