సందు వైపు తలుపు

అమ్మాయీ,

నీ వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి చిరాకేసింది. రెండోసారి ఇంకాస్త ఎక్కువ వేసింది. మూడోసారి మాత్రం మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, కళ్ళజోడు తీసి, కాసేపు బాల్కనీలో కూర్చున్నాను. ఆ వాక్యం దగ్గరికి తర్వాత వస్తాను. ముందు చిరాకు సంగతి తేల్చుకోనీ.

చిక్కడపల్లి మూల మీది ఆ బార్ గురించి ఎనిమిది పేజీలు రాశావు. గోడ మీద ఎర్రగా వెలిగే ఇంగ్లిషు అక్షరాలు, ఫొటో దిగేవాళ్ళ కోసం గీసిన రెక్కలు, ఊయల కుర్చీ, జాడీలో పోసి తెచ్చిన మొజీటో, నీ ఆఫీసు వాళ్ళ నవ్వులు, అన్నీ ఉన్నాయి. నీ చేతిలో వాక్యం తడబడదు. అది చెప్పాలి, చెప్పేశాను. కానీ పేజీ తిప్పితే చాలు, "ఆ పాత ఆత్మ ఏమైపోయింది" అని ఒక నిట్టూర్పు. లెక్కపెట్టాను, ఆత్మ ఐదుసార్లు వచ్చింది. అంతమంది కూర్చుని అన్ని గంటలు తిని తాగి లేచారు కదా, బిల్లు ఎంతయిందో ఒక్కసారీ రాలేదు.

నవ్వకు. నలభై ఏళ్ళుగా నేను పట్టుకు వేలాడుతున్న మాట ఇదొక్కటే. హోటలు గురించో బార్ గురించో రాసేవాళ్ళు బిల్లు రాయకపోతే ఆ చోటు గురించి రాయనట్టే. బిల్లులో అన్నీ ఉంటాయి. ఏం తిన్నారు, ఎవడు కట్టాడు, సరిగ్గా బిల్లు వచ్చే వేళకి ఎవడు బాత్రూమ్ వైపు వెళ్ళాడు, సర్కారు ఎంత తీసుకుంది, తెచ్చిపెట్టినవాడికి ఏం మిగిలింది. మీ టేబుల్ మీదికి వచ్చిన కాగితమే తీసుకో. తిండికి జీఎస్టీ వేస్తారు, మందుకి వెయ్యరు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రాష్ట్రాలు మందుని దాని చేతికి ఇవ్వలేదు, తమ దగ్గరే అట్టిపెట్టుకున్నాయి. పాడి గేదెని ఎవరు వదులుకుంటారు? ఒకే టేబుల్ మీద చికెన్‌ది ఒక చట్టం, బీరుది ఇంకో చట్టం. ఇంత నాటకం ముందర జరుగుతుంటే నువ్వు లేచి వెళ్ళి రెక్కల ముందు ఫొటో దిగావు.

నాకు ఆ బార్ 1984 నుంచి తెలుసు. కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చి, అక్కడికి దగ్గర్లోనే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఫారానికి నాలుగు రూపాయలు. త్యాగరాయ గానసభలో సభ అయిపోయి, సన్మానం చేయించుకున్నాయన కారెక్కి వెళ్ళిపోయాక, మిగిలిన మేము నలుగురం అక్కడికి నడిచేవాళ్ళం. నా మొదటి కథకి ఒక వారపత్రిక 50 రూపాయలు మనియార్డర్ చేసింది. అక్కడే ఖర్చుపెట్టాను. రెండు బీర్లు, ఒక ప్లేటు చికెన్ 65. ఉల్లిపాయ, నిమ్మచెక్క ఎన్నిసార్లడిగినా ఊరికే. మొత్తం 44. మిగిలిన ఆరులో రెండు బేరర్‌కి, నాలుగు ఇంటికి. ఆ కథ ఏమిటో సరిగ్గా గుర్తు లేదు, 44 మాత్రం గుర్తుంది.

ఆ సాయంత్రం మీదే ఒక కథ రాసి ఇంకో పత్రికకి పంపాను. సంపాదకుడు పండితుడని పేరు. అచ్చయ్యాక చూస్తే ధరలన్నీ ఎగిరిపోయాయి. "కిరాణా పద్దులా ఉంది నాయనా" అని కార్డు ముక్క రాశాడు. బార్ కాస్తా పానశాల అయింది. చికెన్ 65 "మాంసాహార ఫలహారం" అయింది. ఫలహారం! మరో కుటుంబ పత్రిక ఆయన ఇంతకంటే ఘనుడు. వాళ్ళ పత్రికలో ఎవరూ తాగకూడదు. నా కథలో గుమాస్తా రెండు బీర్లు తాగి ఇంటికొస్తాడు. ఆయన బీరు కొట్టేసి కాఫీ చేశాడు. కానీ కింది పేరాలో తూలడం తీసెయ్యడం మర్చిపోయాడు. రాష్ట్రమంతా చదివింది: నా గుమాస్తా రెండు కాఫీలు తాగి, తూలుకుంటూ వచ్చి, గేటు పట్టుకుని, క్షమించమని భార్యని బతిమాలుకుంటూ ఏడ్చాడు. ఏడాది పాటు స్నేహితులు నేను కనబడితే చాలు, "ఏం గురూ, కాఫీ కొడదామా" అనేవాళ్ళు. ఆ సంపాదకుడు పోయి చాలాకాలమైంది. నాకింకా కోపం పోలేదు.

ఇప్పుడెవరూ బీరు కొట్టెయ్యరులే. ఇప్పటి ఫ్యాషన్ నాస్టాల్జియా. ఇరానీ హోటలు మీద ఒకటి, పాత సినిమా హాలు మీద ఒకటి, చాయ్ ఆవిరి, ఉస్మానియా బిస్కట్, కిటికీ అవతల వాన. అన్నీ ఒక్కరే రాసినట్టుంటాయి. బార్ మీద అయితే మరీను, అది మగవాళ్ళ జబ్బు. వాళ్ళు లోపల కూర్చుని ప్రపంచాన్ని మారుస్తుంటే ఇంట్లో అన్నం చల్లారిపోయిన సంగతి అందులో రాదు. నువ్వు ఆడపిల్లవయ్యుండి అదే బండి ఎక్కావేమిటా అని నా బాధ.

ఇక నీ తప్పు. 1996లో, నువ్వు పుట్టిన రోజున, మీ నాన్న ఆ బార్‌లో స్నేహితులకి బీరు పార్టీ ఇచ్చాడని రాశావు. ఎలా ఇచ్చాడమ్మా? 1995 జనవరి 16 నుంచి రాష్ట్రమంతటా మద్యనిషేధం. ఎన్టీ రామారావు పెట్టాడు, 1997లో చంద్రబాబు నాయుడు ఎత్తేశాడు. ఆ మధ్యకాలంలో బోర్డు మీద బార్ అన్న మాటకి తెల్ల రంగు పూసేశారు. లోపల మీల్స్, టిఫిన్. అవే టేబుళ్ళు, అవే ఫ్యాన్లు, కర్టెన్లు కట్టిన అవే కేబిన్లు. ఆ చీకట్లో కర్టెన్ వేసుకుని ఇడ్లీ తింటుంటే ఏదో దొంగపని చేస్తున్నట్టుండేది. తాగేవాళ్ళు ఆగలేదనుకో. ఇక్కణ్ణించి బీదర్ వెళ్ళారు, మా గోదావరి వాళ్ళు యానాం వెళ్ళారు. యానాం పుదుచ్చేరి కిందది, మన నిషేధం దాని పొలిమేర దాకానే. మరి మీ నాన్న ఇచ్చిన పార్టీ ఏమిటి? సాంబారిడ్లీయా? కేబిన్‌లో టేబుల్ కింద ఎవరో అందించిన సీసానా? బీపీ మాత్రలేసుకుని టీవీ ముందు కూర్చుంటున్నాడని నువ్వే రాశావు, తీరిగ్గానే ఉంటాడు. వెళ్ళి అడుగు. సిగ్గుపడితే రెండోసారి అడుగు.

అక్కడ పెద్ద బేరర్ ఒకాయన ఉండేవాడు, శ్రీకాకుళం వైపు మనిషి. జీతం నామమాత్రం, ఊరికి పంపేదంతా టిప్పుల మీదే. నిషేధం వచ్చిన కొత్తలో వెళ్తే నాకు మినపట్టు తెచ్చిపెట్టాడు. ఇప్పుడు రాబడి ఎలా ఉందండీ అని నేనడిగితే నోటితో చెప్పలేదు, పక్క టేబుల్ మీది సోంపు పళ్ళెం తెచ్చి చూపించాడు. స్టీలు పళ్ళెం, సోంపు గింజల మధ్య ఒక పావలా. "తాగినోడిది ఇచ్చే చెయ్యి, టిఫిన్ తిన్నోడిది లెక్కెట్టే చెయ్యి బాబూ" అన్నాడు.

పాపం, నిషేధం ఆయన పొట్ట కొట్టింది అని రాసేద్దామనుకుంటున్నావేమో, ఆగు. ఆయన తమ్ముడు సారా ప్యాకెట్లకి అలవాటుపడి పోయాడు. ప్రభుత్వమే వారుణి వాహిని అని ముద్దుపేరు పెట్టి సారాని ప్యాకెట్లలో ఊళ్ళకి తోలిన రోజులుండేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని దుకాణం మూయించిన కబురు ఆ బేరరే నాకు పేపరు చూపించి చెప్పాడు. 1993 అక్టోబరు 1న సారా నిషేధించినప్పుడు బీర్లు తీసుకొస్తూ "మంచి పని చేశారు బాబూ" అన్నాడు. తర్వాత బీరు కూడా పోయింది. అప్పుడు మంచి పనే అన్నాడో లేదో నేను అడగలేదు. పావలా చూశాక అడగబుద్ధి కాలేదు.

ఇదీ మార్పంటే. నువ్వు గోడ రంగు చూశావు.

నీ వ్యాసం పుణ్యమా అని మొన్న శనివారం చాలా ఏళ్ళకి మళ్ళీ వెళ్ళాను. బయట మెట్రో స్తంభం బోర్డులో సగం మింగేసింది. 2020 ఫిబ్రవరిలో ఆ దారిన మెట్రో మొదలైంది, నెలన్నర తిరక్కుండా లాక్‌డౌన్. వైన్స్ మే నెలలోనే తెరిచారు కానీ బార్లు సెప్టెంబరు చివరిదాకా తెరవలేదు. ఈ రెక్కలూ ఊయలలూ ఆ తర్వాతే వచ్చాయని కౌంటర్లో చెప్పారు. సిగరెట్ పొగ 2008 అక్టోబరులోనే పోయింది, పబ్లిక్ స్థలాల్లో కాల్చకూడదన్నారు కదా. నేను మానేసింది కూడా అప్పుడే, చట్టానికి భయపడి కాదు, ప్రతిసారీ లేచి బయటికెళ్ళే ఓపిక లేక. నా బిల్లు: ఒక బీరు, ఒక చిల్లీ చికెన్, ఒక నీళ్ళ బాటిల్, 865 రూపాయలు. తెచ్చిపెట్టిన కుర్రాడిది అస్సాం. సోంపు పళ్ళెం లేదు, నల్ల అట్ట మధ్యలో కాగితం, దాని మీద ఫోన్‌తో కట్టడానికి చుక్కల గడి. లెక్కకి సరిపడా పైసలతో సహా ఫోన్లోంచి వెళ్ళిపోతే ఇంక చిల్లర ఎక్కణ్ణించి మిగులుతుంది? యాభై కాగితం చేతిలో పెడితే ఆ కుర్రాడు ముందు కెమెరా వైపు చూశాడు, తర్వాత తీసుకున్నాడు. మా పెద్ద బేరర్ పావలా, ఈ కుర్రాడి చూపు, రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను చాలాసేపు. పెద్ద బేరర్ ఏమయ్యాడని అడిగితే అక్కడ ఎవరికీ తెలీదు.

ఇప్పుడు నీ వాక్యం. "ఏడేళ్ళప్పుడు అమ్మ నాన్నని పిలుచుకురమ్మంటే సందు వైపు తలుపు దగ్గర నిలబడేదాన్ని, ఒక తాత చిన్న ప్లేటులో ఉడకబెట్టిన శనగలు పెట్టి ఇచ్చేవాడు." ఇంతే రాశావు. తర్వాత వాక్యంలోనే మొజీటో. ఎలా మనసొప్పిందమ్మా?

మూల మీది కొట్టు కనక దానికి రెండు తలుపులుండేవి. పెద్ద రోడ్డు వైపు నుంచి ఎవరు చూసినా ఫరవాలేదనుకునేవాళ్ళు వచ్చేవాళ్ళు. సందులోంచి బ్యాంకు ఉద్యోగులు, మేష్టార్లు, పెళ్ళికి ఎదిగిన కూతుళ్ళున్నవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇంటి నుంచి వచ్చిన పిల్లలు నిలబడేదీ అక్కడే. ఆ పిల్లలకి శనగలు పెట్టేది మా పెద్ద బేరరే. ఇంకెవరూ అయ్యుండరు. మేము లోపల కూర్చుని కవిత్వం గురించి కొట్టుకుంటూ ఒక్కనాడూ అటు తిరిగి చూడలేదు. నీకు ఏడేళ్ళంటే 2003. నేనూ ఆ రోజుల్లో వెళ్ళేవాణ్ణి. నిన్ను చూసే ఉంటాను, చూడలేదు.

శనివారం ఆ తలుపు కోసం వెతికాను. లేదు. బయట సందులోకి వెళ్ళి చూస్తే మెట్లు రెండు అలాగే ఉన్నాయి, మెట్ల పైన గోడ. తలుపు తీసేసి ఇటుకలు కట్టేశారు. లోపలికొచ్చి అదే చోటు చూశాను. నువ్వు ఫొటో దిగిన రెక్కలు ఆ ఇటుకల మీదే గీశారు.

నీకు తెలుసా ఈ సంగతి? తెలిసీ రాయలేదా? తెలీకపోతే ఇవాళే వెళ్ళి మెట్ల మీద కూర్చో. అప్పుడు నువ్వు గోడకి అవతల, ఇప్పుడు ఇవతల. ఆ రెక్కల పేరా పక్కన ఈ వాక్యం పెట్టు, మధ్యలో ఉన్న ఆత్మలన్నీ వాటంతటవే రాలిపోతాయి. మీ అమ్మ ఎన్ని గంటలకి పంపేది, నాన్న ఎన్ని పిలుపులకి లేచేవాడు, శనగల్లో ఉల్లిపాయ వేసేవాడా లేదా, ఇంటికెళ్ళేటప్పుడు ఎవరు ఎవరి చెయ్యి పట్టుకునేవాళ్ళు, ఇవి కావాలి నాకు. మీ ఆఫీసు పార్టీ బిల్లు ఎవరి ఫోన్లోనైనా ఇంకా ఉంటుంది, అది కూడా తెప్పించుకో.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు, పోటీలకి పంపాలా అని అడిగావు, మాండలికంలో రాయాలా అని కూడా ఏదో అడిగావు. అవన్నీ ఇవాళ నా వల్ల కాదు.

నీ కాగితాలు తిరిగి పంపిస్తున్నాను. శనగల దగ్గర పెన్సిల్ గీత నాదే. ఆ పక్కన ఉన్న మరక కాఫీది. నిజంగా కాఫీదే.

ఇట్లు,
నీ సారు