దుబాయ్‌లో టీచర్ ఉద్యోగం సరే, పాప ఇంటర్ ఎక్కడ?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ చేసి గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్తున్నా. దుబాయ్‌లో ఒక సీబీఎస్ఈ స్కూలు వాళ్ళు ఏప్రిల్‌లో చేరమని ఆఫర్ ఇచ్చారు. మావారికి ఇక్కడ ఎరువుల షాపు ఉంది, ఆయన రారు. పాప స్టేట్ సిలబస్‌లో ఏడో క్లాసు. తీసుకెళ్ళనా, ఇక్కడే అమ్మమ్మ దగ్గర ఉంచనా?

జవాబు: మేడమ్, తీసుకెళ్ళాలా వద్దా అనేదానికంటే ముందు పాప ఇంటర్ ఎక్కడ చదువుతుందో తేల్చుకోండి, ఎందుకంటే ఎనిమిదిలో అక్కడ చేరిందంటే మధ్యలో కదపడం కష్టం, తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది, పదిలో స్కూలు మారుస్తామంటే సీబీఎస్ఈ అంత తేలిగ్గా ఒప్పుకోదు.

పాపకి డాక్టర్ అవ్వాలని ఉందా? మీరు రాయలేదు. ఉంటే మాత్రం కొంచెం ఆగండి. మన దగ్గర మెడిసిన్ కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్ళకే, లోకల్ అంటే ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు, అంటే తొమ్మిది నుంచీ ఇక్కడ చదివుండాలి. ఆధార్ గుంటూరుదే కదండీ, సొంతిల్లు ఉంది కదండీ అంటే వినరు. తెలంగాణలో 2024లో వచ్చిన జీవో 33 మీద ఇదే గొడవ, ఇంటర్ రెండేళ్ళు బయట చదివొచ్చిన పిల్లలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 2025లో కోర్టు కూడా ఆ నాలుగేళ్ళ రూలునే సమర్థించింది. అలా పోతే ఇక మిగిలేది ఆలిండియా కోటా, ఇంకొంచెం అన్‌రిజర్వుడు, లేదంటే మేనేజ్‌మెంట్, ఎన్నారై సీట్లు, ఆ ఫీజులు టీచర్ జీతానికి అందేవి కావు.

ఇంజనీరింగ్ అయితే అంత భయం అక్కర్లేదు. ఈఏపీసెట్‌లో లోకల్ లెక్క ఇదే గానీ, విదేశాల్లో చదివిన పిల్లలకి దాసా అని ఒక అడ్మిషన్ పథకం ఉంది, అందులో గల్ఫ్‌లో పనిచేసే వాళ్ళ పిల్లలకి సీఐడబ్ల్యూజీ అని వేరే సీట్లున్నాయి, జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే ఎన్ఐటీల్లో ఇస్తారు, ఫీజు ఇక్కడి పిల్లలతో సమానం. కాబట్టి మెడిసిన్ అనుకుంటే పాపని ఇక్కడే ఉంచండి, ఒక్క ఏడాది కోసం తీసుకెళ్ళి తొమ్మిదికి మళ్ళీ వెనక్కి తేవడం నాకు నచ్చదు. లేదంటే ధైర్యంగా తీసుకెళ్ళండి, అమ్మమ్మ ఎంత బాగా చూసుకున్నా ఆ వయసు ఆడపిల్లకి అమ్మ పక్కన ఉంటే అది వేరు.

తీసుకెళ్ళేటట్టయితే ఆఫర్ లెటర్ మళ్ళీ చదవండి. టీచర్ల పిల్లలకి కొన్ని స్కూళ్ళు సగం ఫీజు తగ్గిస్తాయి, కొన్ని పూర్తిగా, కొన్ని ప్రొబేషన్ అయ్యాకే అంటాయి, ఆ ప్రొబేషనేమో 6 నెలల దాకా ఉండొచ్చు. "అది చూద్దాంలే మేడమ్" అని ఫోన్లో అంటే లెక్కలోకి రాదు, పాప సీటు, రాయితీ రెండూ మెయిల్‌లో రాయించుకోండి. పాప వీసాకి మీరు స్పాన్సర్ చేయాలంటే జీతం 4,000 దిర్హమ్‌లు ఉండాలి, లేదా 3,000 ఇచ్చి ఇల్లు కూడా ఇవ్వాలి. మీవారు ఇక్కడే ఉంటారు కాబట్టి తనకి అభ్యంతరం లేదని ఆయన రాసిచ్చే ఎన్‌వోసీ కూడా అడుగుతారు.

టైమింగ్ ఇంకో తలనొప్పి. అక్కడ ఇండియన్ స్కూళ్ళు ఏప్రిల్ మొదట్లోనే తెరుస్తారు, మన పాపకేమో పరీక్షలే ఏప్రిల్‌లో. పర్లేదు, మీరు ముందెళ్ళండి, పాప పరీక్షలు రాసి టీసీ తీసుకుని మే కల్లా వచ్చేస్తే చాలు, జులై ఆగస్టు అక్కడ ఎలాగూ సెలవులు, వెనకబడిందంతా అప్పుడు సరిచేసుకోవచ్చు. టీసీ మీద డీఈవో సంతకం చేయించడం మర్చిపోవద్దు, ఎంబసీ స్టాంపు కూడా కావాలా అని స్కూలునే అడగండి. సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు దొరక్కపోవచ్చు, హిందీకి సిద్ధం చేయండి. అరబిక్ కూడా తొమ్మిది దాకా తప్పనిసరి, ఎనిమిదిలో కొత్తగా వచ్చే పిల్లలకి అఆల నుంచి చెప్తారో లేదో కనుక్కోండి.

మీ సర్టిఫికెట్లు ఇవాళే బయటికి తీయండి. వాటి మీద ముందు రాష్ట్ర విద్యాశాఖ స్టాంపు (హెచ్ఆర్డీ అంటారు), తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ ఎంబసీ, వరసగా చాలా టైం పట్టొచ్చు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్ళయ్యాక ఇంకో పేరు, మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. బీఈడీ డిస్టెన్స్‌లో చేసుంటే ఆ సంగతి స్కూలుకి ముందే చెప్పేయండి.

మీ ఉద్యోగ వీసా ఖర్చు స్కూలే పెట్టుకోవాలి, అక్కడి చట్టం అదే. ఏజెంటు డబ్బులడిగినా, విజిట్ వీసా మీద వచ్చి చేరమన్నా ఆ ఆఫర్ వదిలేయండి.