ఎడమచేతి వాటం వాళ్ళు నైఫ్ ఏ చేత్తో పట్టుకోవాలి, ఫోర్క్ ఏ చేత్తో?

మీరు అడిగినవి మూడు. ఎడమ చేత్తో రాస్తారు కాబట్టి నైఫ్ కూడా ఎడమ చేతికి మార్చుకోవాలా? ఆఫీసు డిన్నర్లో అలా మార్చి పట్టుకుంటే ఎవరైనా తప్పుగా అనుకుంటారా? మీ ఐదేళ్ళ బాబుకీ మీ వాటమే వచ్చింది కదా, వాడికి ఎలా నేర్పాలి?

నాదీ ఎడమచేతి వాటమే, మా అన్నయ్యదీ అదే. ఒకే ఇంట్లో, ఒకే టేబుల్ దగ్గర తిని పెరిగాం. అయినా ఫోర్క్‌తో పాటు నైఫ్ పట్టాల్సి వస్తే నేను కుడి చేత్తో పడతాను, అన్నయ్య ఎడమ చేత్తో పడతాడు. ఎడమచేతి వాటం వాళ్ళంతా ఇలాగే పట్టుకోవాలని ఎవరైనా గట్టిగా చెబితే నేను నమ్మకపోవడానికి మా ఇంట్లోనే రుజువు ఉంది.

ముందు మామూలు పద్ధతి సంగతి. ఫోర్క్ ఎడమ వైపు, నైఫ్ కుడి వైపు పెడతారు. ఇది పూర్తిగా కుడిచేతి వాటం వాళ్ళకు అనుకూలంగా పెట్టిందని మనకు అనిపిస్తుంది. నిజానికి వాళ్ళకు దొరికేది అందులో సగం సుఖమే. కోయడం కుడి చేత్తో హాయిగా కోస్తారు, నోట్లో పెట్టుకోవడం మాత్రం ఎడమ చేత్తో. యూరప్‌లో ఎక్కువగా నడిచే ఈ పద్ధతిని కాంటినెంటల్ అంటారు. అమెరికాలో చాలామంది ముక్క కోశాక నైఫ్ ప్లేటు అంచున పెట్టేసి, ఫోర్క్‌ని కుడి చేతిలోకి తెచ్చుకుని తింటారు. మళ్ళీ కోయాలంటే ఫోర్క్ తిరిగి ఎడమ చేతిలోకి వెళ్తుంది. ఫోర్క్ ఇలా అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టే దానికి జిగ్‌జాగ్ అని పేరు. కుడి చేత్తో నోట్లో పెట్టుకుంటే తప్ప సుఖంగా ఉండని వాళ్ళు ఇన్ని మార్పిళ్ళు చేయాలి. మనకు ఆ తిప్పలు లేవు. ఫోర్క్ పుట్టుకతోనే మన చేతిలో ఉన్నట్టు లెక్క.

అందుకే ఎడమచేతి వాటం వాళ్ళలో చాలామంది టేబుల్ మీద ఎలా ఉంటే అలా తీసుకుని తినేస్తారు, ఎవరూ గమనించరు, వాళ్ళూ గమనించుకోరు. నేనూ అంతే. ఈ విషయంలో నన్నెవరూ దిద్దలేదు, దిద్దాల్సిన అవసరం రాలేదు.

అయితే నా చేతిలోంచి ఫోర్క్ తీసేసి నైఫ్ ఒక్కటే ఇస్తే అది ఎడమ చేతిలోకి వెళ్ళిపోతుంది. బ్రెడ్ కోసినా, వెన్న రాసినా, పార్సిల్ తాడు తెంపినా ఎడమ చెయ్యే. పక్కన ఫోర్క్ చేరగానే అదే నైఫ్ కుడి చేతిలోకి మారుతుంది. చాలాకాలం ఇది నా ఒక్కరి పిచ్చి అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, వాటాన్ని కొలిచేవాళ్ళు కూడా ఈ తేడాని లెక్కలోకి తీసుకుంటారని. 1971లో ఓల్డ్‌ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిని పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో పది పనులు ఉంటాయి: రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, టూత్‌బ్రష్, నైఫ్, స్పూన్, చీపురు పట్టినప్పుడు పైన ఉండే చెయ్యి, అగ్గిపుల్ల గీయడం, డబ్బా మూత తీయడం. నైఫ్ దగ్గర ప్రత్యేకంగా 'ఫోర్క్ లేకుండా' అని రాసి ఉంటుంది. ఫోర్క్‌తో కలిస్తే ఆ చెయ్యి మీ వాటాన్ని చెప్పదు, టేబుల్ అలవాటుని చెబుతుంది. మీ వాటం ఎంత గట్టిదో చూసుకోవాలనుకుంటే ఈ పది పనులూ ఒకసారి చేసి చూడండి. పదింటికి పదీ ఎడమ చేత్తోనే చేసేవాళ్ళు మీరనుకున్నంత మంది ఉండరు. నేను కత్తెర కుడి చేత్తో పడతాను, బంతి కూడా కుడి చేత్తోనే విసురుతాను.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2020లో దాదాపు 24 లక్షల మంది వివరాలు ఉన్న పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే ఎడమచేతి వాటం వాళ్ళు 10.6 శాతం అని తేలింది. ఎలా కొలుస్తారన్నదాన్ని బట్టి ఆ సంఖ్య 9.3 నుంచి 18.1 దాకా మారింది. ఎవరిని ఎడమచేతి వాటం అనాలో తేల్చడమే అంత సులువు కానప్పుడు, రాసే చేతిని చూసి నైఫ్ చేతిని ఎలా చెప్పగలం?

అసలు చూసుకోవాల్సింది రెండు చేతుల మధ్య పని ఎలా పంచుకుంటున్నారన్నది. 1987లో ఫ్రెంచ్ పరిశోధకుడు ఈవ్ గియార్ దీన్ని చక్కగా వివరించాడు. రెండు చేతుల పనిలో వాటం లేని చెయ్యి ముందు కదిలి వస్తువుని నిలబెడుతుంది, వాటం ఉన్న చెయ్యి దాని ఆసరాతో సన్నని పని చేస్తుంది. రాసేటప్పుడు ఒక చెయ్యి కాగితాన్ని జరుపుతుంటే రెండో చెయ్యి రాస్తుంది కదా, అలాగన్నమాట. ఈ లెక్కన ఫోర్క్ నిలబెట్టేది, నైఫ్ కోసేది, కాబట్టి మన నైఫ్ ఎడమ చేతిలోనే ఉండాలి. మా అన్నయ్య చేతులు సరిగ్గా ఇలాగే పనిచేస్తాయి. చిక్కేమిటంటే ఫోర్క్‌కి రెండో ఉద్యోగం కూడా ఉంది. ముక్కని జారకుండా నోటి దాకా తేవాలి, అదీ సన్నని పనే. ఎవరికి ఏ పని ఎక్కువ కష్టమైతే వాళ్ళ వాటం చెయ్యి అటు వెళ్తుంది. నాకు మోసుకురావడం కష్టం, అన్నయ్యకు కోయడం కష్టం. ఇద్దరి మధ్యా తేడా అంతే.

మీ సంగతి మీరే తేల్చుకోవచ్చు. ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు, నిజంగా కోయాల్సినంత గట్టిగా ఉన్నదేదైనా పెట్టుకుని రెండు రకాలుగానూ తిని చూడండి. మెత్తటిదైతే ఏ చేత్తోనైనా తెగుతుంది, ఏమీ తెలియదు. నైఫ్ పట్టిన చెయ్యి రంపంలా ముందుకీ వెనక్కీ కదులుతోందా, లేక బలమంతా పెట్టి కిందికి నొక్కుతోందా చూడండి. నొక్కుతోందంటే ఆ చేతికి కోయడం చేతకావడం లేదు. ప్లేటు కిర్రుమని చప్పుడు చేసినా, ముక్క ఎగిరి అవతల పడినా అదే అర్థం. తర్వాత ఫోర్క్ చేతిని గమనించండి. నోటి దగ్గరికి వచ్చేసరికి తల ముందుకు వంచి అందుకుంటున్నారా? మణికట్టు తిరక్క మోచెయ్యి పైకి లేస్తోందా? కోసేటప్పుడు ఎక్కువ అవస్థ పడితే నైఫ్‌ని ఎడమ చేతికి ఇవ్వండి. నోట్లో పెట్టుకునేటప్పుడు ఎక్కువ అవస్థ పడితే ఫోర్క్‌ని ఎడమ చేతిలోనే ఉంచండి. మొదటి పూట రెండూ వింతగానే ఉంటాయి, కొన్ని పూటలు చూసి తేల్చుకోండి.

రెండూ ఎడమ చేత్తో అయితేనే వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకు అమెరికా పద్ధతిని అద్దంలో చూసినట్టు చేయడం ఒక దారి. ఎడమ చేత్తో నైఫ్ పట్టి రెండు మూడు ముక్కలు కోసి, నైఫ్ పక్కన పెట్టి, ఫోర్క్‌ని ఎడమ చేతికి మార్చుకుని తినొచ్చు. కాస్త నెమ్మదిగా సాగుతుంది, అంతకు మించి నష్టం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చేతిని తప్పుపట్టే ముందు నైఫ్‌ని చూడండి. నునుపు అంచు ఉన్న మామూలు టేబుల్ నైఫ్ ఏ చేతికైనా ఒకటే. పళ్ళున్న నైఫ్‌లు చాలావరకు ఒక వైపే నూరి ఉంటాయి, అదీ కుడి చేతికి సరిపోయేట్టు. నైఫ్‌ని రెండు వైపులా తిప్పి చూడండి. గాట్లు ఒక వైపు మాత్రమే కనిపించి, రెండో వైపు చదునుగా ఉంటే అది ఒక వైపే నూరిన నైఫ్. కుడి చేతికని నూరినదాన్ని ఎడమ చేత్తో వాడితే కోత తిన్నగా దిగకుండా పక్కకి లాగేస్తుంది. బ్రెడ్ కోసే పెద్ద నైఫ్‌తో ఇది బాగా తెలుస్తుంది. ముక్క పైన సన్నగా, కింద లావుగా వస్తుంటే మీ చేతిని తిట్టుకోకండి. రెండు వైపులా నూరినవీ, ఎడమ చేతికనే చేసినవీ దొరుకుతాయి. కేకు తినే చిన్న ఫోర్క్‌దీ ఇదే కథ. కొన్నిటికి ఎడమ చివరి మొన వెడల్పుగా ఉంటుంది, కేకుని దాంతో నొక్కి కోయడానికి. కుడి చేత్తో పడితే ఆ వెడల్పు అంచు కిందికి వస్తుంది. మన చేతిలో అది ఆకాశాన్ని కోస్తుంది. ఒక పక్కే మూతి ఉన్న గరిటెతో మనం వడ్డించే తీరు సరే, చూసేవాళ్ళకే భయం.

ఇక ఆఫీసు డిన్నర్. నైఫ్ ఎడమ చేత్తో పట్టుకోవడం తప్పేమీ కాదు. మర్యాద తప్పేది చప్పుడు చేస్తే, నైఫ్ గాల్లో ఊపితే, పక్కవాళ్ళ మీదికి మోచెయ్యి పెడితే. అన్నయ్య ఇలాంటి చోట్ల ఒక పద్ధతి పాటిస్తాడు, అది నాకు బాగా నచ్చుతుంది. కూర్చోగానే ఫోర్క్ కుడి వైపుకీ నైఫ్ ఎడమ వైపుకీ సర్దడు. ఎలా ఉన్నవి అలా వదిలేసి, తినడం మొదలుపెట్టేటప్పుడు తీసుకుంటూ చేతులు మార్చుకుంటాడు. ఎవరూ చూడరు. గ్లాసు మాత్రం కుడి వైపే ఉంచండి, తాగేది ఎడమ చేత్తో అయినా తిరిగి అక్కడే పెట్టండి. బ్రెడ్ ప్లేటు మీకు ఎడమ వైపున ఉన్నదే మీది. ఈ రెండూ జరిపితే టేబుల్ చివరి దాకా ఎవరి గ్లాసు ఎవరిదో తెలియక గందరగోళం అవుతుంది. తినడం అయ్యాక రెండూ ప్లేటులో పక్కపక్కన, పిడులు కుడి వైపుకి వచ్చేట్టు పెట్టేయండి. ప్లేట్లు తీసేవాళ్ళు సాధారణంగా కుడి వైపు నుంచే తీస్తారు.

సీటు ఎంచుకునే అవకాశం ఉంటే వరుసలో ఎడమ చివరిది చూసుకోండి. మీ ఎడమ మోచేతికి అడ్డు ఉండదు. రెండు చేతులతో తినేటప్పుడు మోచేతులు పెద్దగా తగలవు. సూప్ దగ్గరే ఇబ్బంది, మీరు ఎడమ చేత్తో స్పూన్ ఎత్తే క్షణానికే పక్కాయన కుడి చేత్తో ఎత్తుతాడు.

ఎవరైనా నియమం ఉందంటూ మాట్లాడితే నేను 1611 నాటి సంగతి ఒకటి చెబుతుంటాను. ఇటలీలో ఫోర్క్ వాడకం చూసి వచ్చిన థామస్ కోర్యట్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఆ ఏడాది దాని గురించి రాశాడు. వాళ్ళు ఒక చేత్తో నైఫ్ పట్టి కోస్తారు, రెండో చేత్తో ఫోర్క్ పట్టి అదిమి ఉంచుతారు అన్నాడు. ఏది కుడి చెయ్యో, ఏది ఎడమ చెయ్యో అసలు రాయలేదు.

బాబు విషయంలో మాత్రం ఒక్కటి గట్టిగా చెబుతాను. ఏ చెయ్యో మీరు నిర్ణయించకండి. స్పూన్‌ని ప్లేటుకి ఒక పక్కన కాకుండా ఎదురుగా, మధ్యలో పెట్టండి, వాడే తీసుకుంటాడు. ఐదేళ్ళకి స్పూన్ చెయ్యి, పెన్సిల్ చెయ్యి చాలావరకు కుదురుకుంటాయి. నైఫ్, ఫోర్క్ కలిపి పట్టడం వేరే విద్య, దానికి ఇంకా సమయం పడుతుంది. ఈ పూట అటు, రేపు ఇటు పట్టుకుంటే మధ్యలో దిద్దకండి. ముందు ఫోర్క్ గుచ్చి నిలబెట్టడం ఒక్కటే నేర్పండి, కోత మీరు కోసిపెట్టండి. అది కుదిరాక మొద్దు అంచున్న చిన్న నైఫ్ ఇచ్చి, మెత్తటివి కోయనివ్వండి.

చూపించేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది ముఖ్యం. మీరు నేర్పితే వాడి పక్కనే కూర్చోండి, మీ ఎడమ చెయ్యి వాడి ఎడమ చేతి వైపే ఉంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళు నేర్పితే ఎదురుగా కూర్చోవాలి, అప్పుడు వాడు అద్దంలో చూసినట్టు అనుకరిస్తాడు. మా అమ్మాయికి మా ఆయన పక్కన కూర్చుని నేర్పబోతే అది గంటసేపు ఏడ్చింది. ఆయన్ని అవతలి కుర్చీలోకి పంపించాక అదే పూట ముక్క కోసింది, నైఫ్ ఎడమ చేత్తో పట్టుకుని, అచ్చం వాళ్ళ మేనమామలా.