అమ్మ పోయిన దిగులుకి పద్యం, చెట్టు ఎలా ఆసరా అవుతాయి?

అమ్మ పోయి నాలుగు నెలలైంది, కవిత్వం, ప్రకృతి ఊరటనిస్తాయంటారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

చదవడం కన్నా ముందు రాయడం మొదలుపెట్టండి. విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయిన దుఃఖంలో రాసిన వరలక్ష్మీ త్రిశతి, జాషువా శ్మశానవాటి పద్యాలు గొప్పవే. కానీ మొదటి నెలల్లో అవి మనసుని ఇంకా కలచివేస్తాయి, తర్వాత చదవొచ్చు. పుట్టినవాడు గిట్టక తప్పదనే నీతి పద్యాలు అసలే వద్దు. పరామర్శకొచ్చినవాళ్లు ఆ మాట ఎలాగూ చెప్పే ఉంటారు.

రాసేది ఆటవెలదిలో, అంటే వేమన పద్యాల ఛందస్సులో రాయమంటాను. వచన కవితైతే ‘అమ్మా, నువ్వు లేక’ అన్నచోటే ఏడుపొచ్చి ఆగిపోతుంది. ఛందస్సులో లెక్క చూసుకోవాలి కాబట్టి మనసుకి ఒక పట్టు దొరుకుతుంది. పొట్టి అక్షరం లఘువు; దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువులు. వీటి గుంపే గణం: సూర్యగణం అంటే మూడు లఘువులు, లేదా గురువు, లఘువు; ఇంద్రగణం అంతకన్నా పెద్దది, మూడు నాలుగు అక్షరాలది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని పొంతన కుదరాలి. ప్రాస (పాదాల్లో రెండో అక్షరం కలవడం) నియమం లేదు. ఈ పాదం చూడండి:

మందు డబ్బ నిండ మాత్రలే మిగిలెను

మందు, డబ్బ, నిండ: మూడూ గలములు (గురువు, లఘువు). మాత్రలే రగణం (గురువు, లఘువు, గురువు), మిగిలెను నలము (నాలుగు లఘువులు), రెండూ ఇంద్రగణాలే. మ, మా యతి. ఇందులో శోకం, కన్నీరు లాంటి మాట ఒక్కటీ లేదు, గమనించారా? వస్తువుని పట్టుకోండి: కళ్లజోడు, పోపులడబ్బా, ఫోన్లో సేవ్ చేసిన పేరు. పెద్ద మాటలు వాడితే పద్యం శ్రద్ధాంజలి ఫ్లెక్సీలా తయారవుతుంది. యతి తప్పితే తప్పనివ్వండి, ఎవరూ మార్కులు వేయరు.

రోజుకి 15 నిమిషాలు చాలు, అదీ పగలే. 1986లో అచ్చయిన జేమ్స్ పెన్నెబేకర్ ప్రయోగంలో వరుసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు మనసులోని గాయాల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల దిగులు తగ్గలేదు, పెరిగింది. మీకూ అలాగే కావచ్చు, కంగారుపడొద్దు. రాశాక పుస్తకం మూసేసి బయటికి నడవండి. రాత్రి రాస్తే ఆ బరువుతోనే పడుకోవాలి, నిద్ర పట్టదు. వారమైనా రాసిన ప్రతిసారీ ఇంకా కుంగిపోతుంటే కొన్నాళ్లు ఆపేయండి.

ఇక ప్రకృతి అంటే అరకు టిక్కెట్లు కొనక్కర్లేదు. టూర్ నుంచి తిరిగొచ్చి తాళం తీసేసరికి ఖాళీ ఇల్లు రెట్టింపు బాధ పెడుతుంది. నడిచే దూరంలో ఒక్క చెట్టుని ఎంచుకుని రోజూ ఒకే వేళకి పది నిమిషాలు దాని దగ్గరుండండి. వేపైతే మంచిది. శిశిరంలో ఆకు రాలుస్తుంది, ఎర్రటి చిగురేస్తుంది, ఉగాదికి పూస్తుంది. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. ఆ రోజు మారినది ఒక్కటి చూసి రాసుకోండి, తర్వాతి పాదానికి అదే సరుకు.

అమ్మ పేరున మొక్క నాటాలనిపిస్తే జాగ్రత్త. అది ఎండిపోతే రెండోసారి పోగొట్టుకున్నట్టుంటుంది. అందుకే ఒక్కటే నాటి దానికే పేరు పెట్టొద్దు, వేప, కానుగ లాంటి మొండివి మూడు నాటండి. తొలకరి పడ్డాక రెండడుగుల గుంత తీసి, తవ్విన మట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి పూడ్చండి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి. మేకలకి అందకుండా ముళ్లకంప కట్టండి, మొదటి ఎండాకాలం వారానికి రెండు మూడుసార్లు నీళ్లు పోయండి. ఎక్కువ మొక్కలు పోయేది ఆ వేసవిలోనే.

ఇవేవీ మందుకి బదులు కాదు. తిండి, నిద్ర, పని నెలల తరబడి గాడిన పడకపోయినా, నేనూ పోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.