థార్‌కు లిఫ్ట్ కిట్ కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 78,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చు 42,000, 2021లో కొన్న థార్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కిస్తు 19,000, బీమా ప్రీమియంలు 4,000 పోగా 13,000 మిగులుతుంది. బండి అప్పు మరో 14 నెలల్లో తీరుతుంది. బ్యాంకులో 1,20,000 ఉంది. బంగారుపాళ్యం దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోపు ఉంది. అక్కడికి వెళ్లే దారిలో వంక దాటేచోట బండి అడుగు రాళ్లకు తగులుతోంది. కాయల కాలంలో క్రేట్లు ఎక్కిస్తే వెనుక భాగం కుంగిపోతోంది. బండిని రెండు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ కోసం నాలుగు స్ప్రింగులకు 48,000, నాలుగు షాక్ అబ్జార్బర్లకు 56,000, చక్రాలనూ ఇరుసునూ సరైన చోట పట్టి ఉంచే కంట్రోల్ ఆర్ములకూ పాన్‌హార్డ్ రాడ్డుకూ కలిపి 36,000, 33 అంగుళాల టైర్లు ఐదింటికి 1,00,000, మొత్తం 2,40,000 అవుతుందని దుకాణంవారు చెప్పారు. ఇందుకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా? లేక 22,000కు దొరికే స్పేసర్లతో (పాత స్ప్రింగుల మీదే పెట్టి ఎత్తు పెంచే దిమ్మలు) సరిపెట్టుకోవడం మేలా?

జవాబు: ఈ రెండు మార్గాలలో దేనినీ ఇప్పుడు ఎంచుకోవద్దని నా సలహా. మీ ఇబ్బంది నిజమైనదే. అయితే దుకాణంవారు ఇచ్చిన జాబితాలో సగానికి పైగా సామాను మీ ఇబ్బందికి సంబంధించినది కాదు.

మొదట బండిని సర్వీసింగ్ ర్యాంపు మీదికి ఎక్కించి, అడుగున గీతలు ఎక్కడ పడ్డాయో మీరే స్వయంగా చూడండి. మీ థార్‌లో ముందు చక్రాలకు విడివిడిగా కదిలే సస్పెన్షన్, వెనుక చక్రాలకు రెండింటినీ కలిపే గట్టి ఇరుసు ఉన్నాయి. వెనుక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్‌కు (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) రాళ్లు తగులుతున్నట్లయితే, ఎంత ఖరీదైన లిఫ్ట్ కిట్ వేసినా ఆ తాకిడి తగ్గదు; ఎందుకంటే స్ప్రింగు ఇరుసుకు పైన కూర్చుంటుంది, ఛాసిస్‌ను, అంటే బండి చట్రాన్ని పైకి నెడుతుంది, ఇరుసు మాత్రం చక్రం మధ్యభాగం ఎత్తులోనే ఉండిపోతుంది. ఇరుసును పైకి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ సగం మేరకే. ఇప్పుడు మీ బండికి 255/65 ఆర్18 కొలత టైర్లు ఉంటే వాటి వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు, 33 అంగుళాల టైరు వ్యాసం సుమారు 838. తేడా 49 మిల్లీమీటర్లు కాబట్టి ఇరుసు లేచేది 25 మిల్లీమీటర్లలోపే. ఆ ఒక్క అంగుళం కోసం మీరు లక్ష రూపాయలు పెట్టబోతున్నారు. పైగా చక్రం పెద్దదైతే స్పీడోమీటరు ఆరు శాతం దాకా తక్కువ చూపుతుంది; బరువైన చక్రాలను ఆపవలసిన భారమంతా పాత బ్రేకుల మీదే పడుతుంది. రోజూ మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు వైపు రాకపోకలు సాగించేవారు దీనిని తేలికగా తీసుకోకూడదు.

గీతలు బండి నడిమి భాగంలోనో, పక్కనుండే ఫుట్ స్టెప్పులకో, ముందు బంపరు కిందనో ఉంటే లిఫ్ట్ వల్ల నిజంగానే ప్రయోజనం ఉంటుంది. అయినా ముందుగా ఫుట్ స్టెప్పులు విప్పి చూడండి. దానికి ఖర్చు లేదు. వంక దగ్గరి దారిని పక్క తోపులవారితో కలిసి జేసీబీతో చదును చేయించి, నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించడానికి ఎంతవుతుందో కూడా కనుక్కోండి. బండిలో పెట్టిన డబ్బు ఏడాదికేడాది తరిగిపోతుంది, దారి బాగుపడితే తోపు విలువే పెరుగుతుంది.

ఇక స్పేసర్ల విషయం. ధర చూసి చాలామంది వీటివైపే మొగ్గుతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వెనుక స్ప్రింగు మీద స్పేసరు పెడితే బండి లేస్తుంది గాని షాక్ అబ్జార్బరు పొడవు పెరగదు; అందువల్ల గుంతలోకి చక్రం దిగవలసినప్పుడు షాక్ ముందే చివరికంటా సాగి ఠక్కున ఆగిపోతుంది. ముందు వైపు స్ప్రింగూ షాకూ కలిసి ఉండే స్ట్రట్ పైన పెట్టే స్పేసరు చక్రాన్ని తన మందం కంటే ఎక్కువగా కిందికి నెడుతుంది. దానితో చక్రం అటూ ఇటూ తిరిగేలా పట్టి ఉంచే బాల్ జాయింట్లూ, ముందు చక్రాలకు శక్తిని అందించే యాక్సిల్ జాయింట్లూ తాము పని చేయవలసిన కోణం దాటి వంగుతాయి. చాలా ఏళ్ల క్రితం నా పాత బండికి ఇటువంటి స్పేసర్లే వేయించాను. ఏడాది తిరగకుండానే జాయింటు రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీసు పోయి, జాయింటు మొత్తం మార్చవలసి వచ్చింది. స్పేసర్ల మీద మిగిలిందనుకున్న డబ్బంతా ఆ మరమ్మతుకే సరిపోయింది.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వెనుక భాగం కుంగడం. అది ఎత్తు చాలకపోవడం వల్ల వచ్చినది కాదు, స్ప్రింగు బలం చాలకపోవడం వల్ల వచ్చినది. మంచి తయారీదారులు ఒకే బండికి వేర్వేరు బరువులకు తగిన స్ప్రింగులు అమ్ముతారు. బండిలో ఏడాది పొడవునా ఉండే బరువును బట్టి వాటిని ఎంచుకోవాలి, సీజనులో నాలుగు రోజులు మోసే గరిష్ఠ బరువును బట్టి కాదు. అతి గట్టి స్ప్రింగులు వేస్తే మిగిలిన పది నెలలూ ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి వెనుక రెండింటికీ మధ్యస్థ బరువు స్ప్రింగులు, వాటికి జోడైన షాక్ అబ్జార్బర్లు వేయించుకుంటే చాలు. మీకిచ్చిన ధరల ప్రకారం 24,000, 28,000 కలిపి 52,000 అవుతుంది. కాయలు నిండుగా దిగిన రోజుల్లో టాటా ఏస్ కిరాయికి మాట్లాడుకోండి. ఎత్తు పెంచడం మానుకుంటే కంట్రోల్ ఆర్ములతో, పాన్‌హార్డ్ రాడ్డుతో పని ఉండదు. అవి లిఫ్ట్ వల్ల చెదిరే చక్రాల కోణాన్నీ, పక్కకు జరిగే వెనుక ఇరుసునూ సరిచేయడానికి వేసేవి.

ఇప్పుడు అప్పు లెక్క. 2,40,000 రూపాయలకు 14 శాతం వడ్డీతో 36 నెలల కిస్తు సుమారు 8,200. మొత్తం మీద కట్టేది 2,95,000 పైమాట, అందులో వడ్డీయే 55,000 దాటుతుంది. వెనుక స్ప్రింగులకూ షాకులకూ కలిపి అయ్యే మొత్తం కంటే అది ఎక్కువ. మీ మిగులు 13,000 నుంచి 5,000 లోపుకు పడిపోతుంది. బ్యాంకులోని 1,20,000 మీ ఇంటి ఖర్చుకూ ప్రస్తుత కిస్తుకూ రెండు నెలలకైనా పూర్తిగా చాలదు. తోపు ఆదాయం ఉంది కదా అనుకోవద్దు. 2025లో తోతాపురి మామిడి ధర ఎంతగా పడిపోయిందో, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇచ్చి ఆదుకోవలసి వచ్చిందో మీకు నాకంటే బాగా తెలుసు. అటువంటి ఆదాయాన్ని నమ్ముకొని నెలనెలా తప్పని కిస్తుకు ఒప్పుకోవడం ప్రమాదకరం.

ఈ 14 నెలలూ మిగులు 13,000ను రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. వడ్డీని లెక్కలోకి తీసుకోకపోయినా 1,82,000 పోగై, ఉన్నదానితో కలిసి 3,02,000 అవుతుంది. అప్పటికి బండి కిస్తు తీరిపోతుంది కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు 2,52,000ను అత్యవసర నిధిగా పక్కన పెట్టినా 50,000 మిగులుతుంది. వెనుక స్ప్రింగులూ షాకులూ దాదాపుగా అందులోనే వస్తాయి. ఆ తరువాత విడుదలయ్యే 19,000తో, ఇప్పటి టైర్లు అరిగినప్పుడు, తయారీదారు సూచించిన కొలతలోనే గట్టి పక్కగోడలున్న, తారు రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయించుకోండి. శని, ఆదివారాల్లో తలకోన వైపు వెళ్లే ఉద్దేశం ఉన్నా ఇవే సరిపోతాయి; అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోని ప్రాంతం, అక్కడ అనుమతించిన దారి వదిలి బండి నడపడం నేరం.

ఎప్పటికైనా పూర్తి లిఫ్ట్ చేయించాలనుకుంటే చట్టాన్నీ బీమానూ మరవకండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, యజమాని ఇలా మార్పించిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడే వీలుంది. బీమా సంస్థకు తెలియజేయని మార్పులున్న బండికి ప్రమాదం జరిగితే, సొంత నష్టం క్లెయిమును వారు తిరస్కరించవచ్చు. పది లక్షలకు పైగా విలువైన బండి పూర్తిగా దెబ్బతింటే, ఆ నష్టం ఇంటి పొదుపు మీద పడుతుంది. అందువల్ల చిత్తూరు రవాణా కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. బీమా సంస్థనుంచి సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

వెనుక స్ప్రింగులు మార్పించే రోజున విప్పిన పాత వాటిని దుకాణంలో వదిలిపెట్టకుండా ఇంటికి తెచ్చుకోండి. బండి అమ్మేటప్పుడు కొనేవారు వాటిని అడుగుతారు. భాగాల పేర్లూ నంబర్లూ ఉన్న జీఎస్టీ బిల్లునూ, పనికి ముందూ తరువాతా తీసిన వీల్ అలైన్‌మెంట్ కాగితాలనూ బండి పత్రాలతో కలిపి భద్రపరచండి.