జడ్జినవుతానని నాన్న అందరికీ చెప్పుకున్నారు, ఇప్పుడు ఆయనకు ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను ఒక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల లా కోర్సు నాలుగో సంవత్సరం చదువుతున్నాను. నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. అమ్మ సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. నా చదువంతా ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్ మీదే నడుస్తోంది. లా ప్రవేశ పరీక్ష క్లాట్ కోచింగ్‌కు, మొదటి ఏడాది ఖర్చులకు మామయ్య ద్వారా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షల అప్పు అలాగే ఉంది. చదువు అయిపోగానే పరీక్ష రాసి జడ్జినవుతానని చేరినప్పుడు చెప్పాను. నాన్న ఆ మాట యార్డంతా చెప్పుకున్నారు. ఇప్పుడు మూడేళ్లు ప్రాక్టీసు చేస్తేనే ఆ పరీక్ష రాయనిస్తారని తెలిసినా ఏడాదిగా ఇంట్లో చెప్పలేకపోతున్నాను. ఇంటర్న్‌షిప్ చేసిన హైదరాబాద్ సంస్థ ఒకటి ఉద్యోగం ఇచ్చేలా ఉంది. స్కాలర్‌షిప్ మీద చదివి కంపెనీలకు పనిచేస్తే మా వాళ్లకు ద్రోహం చేసినట్టు కాదా అనిపిస్తోంది. మామయ్యేమో గ్రూప్స్ రాయమంటున్నారు. నా పెళ్లి కాకుండా డిగ్రీ చదివే చెల్లి పెళ్లి చేయలేమని అమ్మ బాధపడుతోంది. మెస్ బిల్లు కట్టలేక గడువు అడిగిన రోజున కూడా ఫోన్‌లో ‘డబ్బులు వచ్చేశాయి నాన్నా’ అనే చెబుతున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా పేరు వేయవద్దు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. నిబంధన మారి మీ ప్రణాళిక మూడేళ్లు వెనక్కి జరిగింది. ఆ సంగతి మీరు ఇంట్లో దాచారు. మొదటి దాంట్లో మీ తప్పు రవ్వంత కూడా లేదు, దానికి దారులు కూడా ఉన్నాయి. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది మాత్రం దాచడమే. అందువల్ల ఏ ఉద్యోగం, ఏ పరీక్ష అన్నది తేల్చుకునే ముందే నాన్నతో మాట్లాడండి. దాచిన విషయం మనసులో ఉండగా తీసుకునే ఏ నిర్ణయమైనా, మీకు ఏది మంచిదన్న దాన్నిబట్టి కాక, ఏది చెబితే నాన్న బాధపడరన్న దాన్నిబట్టి ఉంటుంది.

సీనియర్ల దగ్గరా, కోచింగ్ కేంద్రాల దగ్గరా ఈ నిబంధన గురించి రకరకాలుగా వినిపిస్తోంది కనుక ముందు దాన్ని సరిగ్గా తెలుసుకోండి. కింది కోర్టుల్లో తొలి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు దరఖాస్తు చేయాలంటే కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. పట్టా రాగానే, న్యాయవాదులను నమోదు చేసే బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచే ఆ మూడేళ్లు లెక్కిస్తారని, న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా కలుపుతారని అదే తీర్పులో ఉంది. పట్టా పొందేనాటికి మీకు ఇరవై రెండేళ్లో ఇరవై మూడేళ్లో ఉంటాయి. మూడేళ్లు కలిపినా ఇరవై ఆరు దాటవు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ పోస్టుకు గరిష్ఠ వయసు 35 ఏళ్లు, ఎస్సీ అభ్యర్థులకు దానిపైన సడలింపు కూడా ఉంది. వాయిదా పడిన దాన్ని చేజారిపోయిందని మీరు అనుకుంటున్నారు. ఏడాదిగా ఒంటరిగా మోయడం వల్లే అది అంత బరువుగా కనిపిస్తోంది.

నాన్నతో ఫోన్‌లో చెప్పవద్దు. యార్డులో బస్తాలు మోసి ఇంటికి చేరిన మనిషికి రాత్రి తొమ్మిది గంటలకు ఫోన్‌లో ఇటువంటి మాట చెబితే, ఆయనకు ‘జడ్జి’, ‘కాదు’ అన్న రెండు ముక్కలే వినిపిస్తాయి, మిగతాది చెవికెక్కదు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చే రోజుల్లో ఇంటికి వెళ్లి, అమ్మ కూడా పక్కనే ఉండగా, నెమ్మదిగా చెప్పండి. ఇలా మొదలుపెట్టవచ్చు: ‘నాన్నా, నేను చేరినప్పుడు చదువు కాగానే జడ్జి పరీక్ష రాయనిచ్చేవారు. ఇప్పుడు ముందు మూడేళ్లు కోర్టులో లాయరుగా చేసి రమ్మని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క నాకే కాదు, దేశంలో అందరికీ ఇదే. ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది, మీరు దిగులుపడతారని చెప్పలేకపోయాను.’ అంతే చెప్పి ఆగండి. వెంటనే సమర్థించుకోవడం మొదలుపెట్టకండి. ఆయన కోప్పడినా, లేచి బయటికి వెళ్లిపోయినా కాసేపు ఓపిక పట్టండి.

ఆయన బాధలో సగం పరువుకు సంబంధించినదని గుర్తుంచుకోండి. తోటి హమాలీలతో, కమీషన్ దుకాణంలో గుమాస్తాతో ‘మా అమ్మాయి జడ్జి అవుతుంది’ అని చెప్పుకున్న మనిషికి రేపు వాళ్లు ‘ఏమైంది?’ అని అడిగితే చెప్పడానికి ఒక మాట కావాలి. ఆ మాట మీరే ఇవ్వండి. ‘ముందు లాయరు కోటు వేసుకుంటుంది, మూడేళ్లు కోర్టులో చేశాకే జడ్జి పరీక్ష రాయనిస్తారంట’ అనడంలో అబద్ధమూ లేదు, చిన్నతనమూ లేదు. వీలైతే ఒకరోజు ఆయన్ని మీ ఊరి కోర్టుకు తీసుకెళ్లి, అక్కడ జూనియర్ సివిల్ జడ్జి ఎక్కడ కూర్చుంటారో, లాయర్లు ఎలా నిలబడి మాట్లాడతారో చూపించండి. మీ కూతురు రోజూ ఎక్కడ నిలబడబోతోందో కళ్లారా చూసిన తండ్రికి మీ ప్రణాళికను వేరేగా వివరించనక్కర్లేదు.

ఇక ఆ మూడేళ్లూ ఎలా బతకాలన్నది అసలైన సమస్య. మీ తోటి విద్యార్థుల్లో చాలామందికి అవి ఇంటివాళ్లు పోషించే మూడేళ్లు. మీకు ఆ వసతి లేదు. ఈ తీర్పు మీలాంటి పిల్లల మీదే ఎక్కువ భారం మోపిందని మీకు అనిపిస్తే ఆ ఆవేదన న్యాయమైనదే, నేను దాన్ని కాదనను. అయితే దారులు పూర్తిగా మూసుకుపోలేదు. న్యాయవాదిగా నమోదుకు బార్ కౌన్సిళ్లు పదిహేను వేల నుంచి నలభై వేల రూపాయల దాకా వసూలు చేసే పద్ధతికి సుప్రీంకోర్టు 2024 జులై 30న అడ్డుకట్ట వేసింది. చట్టంలో ఉన్నట్టు సాధారణ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి నమోదు రుసుము అడగకూడదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే కనుక ప్రతి సీనియరూ పాటిస్తారనుకోవద్దు. కానీ చేరే ముందు ‘నెలకు ఎంత ఇస్తారు సార్?’ అని అడగడానికి అది మీకు ఆధారం. అడగడానికి మొహమాటపడకండి. ఎస్సీ న్యాయ పట్టభద్రులకు ప్రభుత్వ ప్లీడర్ల దగ్గరో సీనియర్ల దగ్గరో స్టైపెండుతో శిక్షణ ఇప్పించే పథకం సాంఘిక సంక్షేమ శాఖలో ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా, ఎంత ఇస్తున్నారన్నది జిల్లా కార్యాలయంలో ఇప్పుడే కనుక్కోండి.

వీటన్నిటికన్నా మీకు దగ్గరగా ఉన్న అవకాశం లా క్లర్కు పని. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల దగ్గర పరిశోధన సహాయకులుగా పరిమిత కాలానికి తీసుకునే యువ పట్టభద్రులకు నెలకు 80 వేల రూపాయలు ఇస్తామని 2025 ప్రకటనలో చెప్పారు. హైకోర్టుల్లోనూ ఇలాంటి నియామకాలు ఉంటాయి, అక్కడ మొత్తం తక్కువ. ఒకవైపు అప్పు తీరుతుంది, మరోవైపు ఆ కాలం మూడేళ్ల లెక్కలోకి వస్తుంది. ఐదో సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు చేసుకునే వీలుంటుంది కనుక వచ్చే ఏడాది ఆ ప్రకటనల కోసం కనిపెట్టుకుని ఉండండి.

హైదరాబాద్ సంస్థ ఉద్యోగం గురించి ఒక మాట. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: అది కోర్టు పనా, కంపెనీ కాగితాల పనా? జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. అందువల్ల ఒక కంపెనీలో న్యాయ విభాగం ఉద్యోగిగా గడిపిన ఏళ్లు మీ మూడేళ్లలో కలవవు. న్యాయవాదుల సంస్థలో, కోర్టు కేసులు చూసే విభాగంలో, మీ నమోదు చెల్లుతూ ఉండగా చేసే పని వేరు. ఆ అనుభవానికి ధ్రువపత్రం ఇస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కోర్టు పని అయితే సందేహించకుండా చేరండి. కాగితాల పనే అయినా, నెలకు నాలుగు వేలు వడ్డీకే పోతున్న ఇంట్లో, రెండేళ్లు చేసి అప్పు తీర్చి ఆ తర్వాత ప్రాక్టీసుకు వెళ్లడం నాకు తప్పుగా కనిపించదు. ఆ రెండేళ్ల గడువు మాత్రం చేరే రోజే ఇంట్లో చెప్పండి. జీతం రుచి మరిగాక గడువులు జరుగుతూ పోతాయి.

ద్రోహం అన్న మాట మాత్రం వదిలేయండి. 1913లో అంబేడ్కర్ బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు, తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాసిచ్చారు. 1917లో కొలువులో చేరితే, కులం కారణంగా ఆ ఊళ్లో ఉండటానికి గది దొరకక కొద్ది రోజుల్లోనే వెళ్లిపోవలసి వచ్చింది. మీ స్కాలర్‌షిప్ కాగితాల్లో అలాంటి ఒప్పందం ఏదీ లేదు. షెడ్యూల్డు కులాల విద్యాభివృద్ధి రాజ్యం బాధ్యత అని రాజ్యాంగం 46వ అధికరణంలో ఉంది, ఆ బాధ్యతలో భాగంగానే మీకది అందుతోంది. మీ వాళ్లకు పనికిరావాలన్న కోరిక మీలో ఉంది, అది గొప్ప కోరిక. దాన్ని అప్పులా కాక కోరికలా మోయండి.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం ఇప్పుడు నేరుగా విద్యార్థి ఖాతాలోనే పడుతుంది, రాష్ట్రం వాటా విడిగా వస్తుంది. ఖాతాలో పెద్ద మొత్తం కనిపించినప్పుడు ఇంట్లో ‘ముందు ఈ నెల వడ్డీ కట్టేద్దాం’ అనడం సహజం. అది కాలేజీకి కట్టవలసిన ఫీజు, వాడితే పరీక్షల ముందు చిక్కులొస్తాయి. ఈ లెక్క కూడా నాన్నతో మాట్లాడే రోజే అమ్మానాన్నలిద్దరికీ కాగితం మీద రాసి చూపించండి. మెస్ బిల్లుకు గడువు అడిగిన రోజున ‘ఇంకా రాలేదు నాన్నా, వస్తుంది’ అని నిజం చెప్పండి. హాజరు 75 శాతానికి తగ్గితే స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు, ఇంటర్న్‌షిప్‌ల హడావిడిలో దాన్ని మరిచిపోవద్దు.

మామయ్య మేలు కోరే అంటున్నారు. గ్రూప్స్ మీకు ఇష్టమైతే రాయండి, ఆయన అప్పు ఇప్పించారు కదా అని రాయకండి.

నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటితే మీ క్యాంపస్ కౌన్సెలర్‌ను కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు, ఖర్చు ఉండదు.

చెల్లి గురించి మీ ఉత్తరంలో అమ్మ ఏమనుకుంటోందో ఉంది, చెల్లి ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు. తనకు ఇప్పుడే పెళ్లి కావాలో, డిగ్రీ తర్వాత ఇంకా చదవాలనుందో ముందు తననే అడగండి. పెళ్లి చేసుకుంటానంటే మీ కోసం ఆగనక్కర్లేదని అమ్మకు మీరే చెప్పండి. చదువుతానంటే నాన్నతో మాట్లాడేటప్పుడు తనను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, మీ మూడేళ్ల లెక్కతో పాటు తన చదువు లెక్కనూ ఆ కాగితంలోనే రాయండి.