తూటాల ధరలు పెరుగుతున్నాయి, ఇప్పుడే వేలల్లో కొని నిల్వ పెట్టుకోవాలా?

గ్రీన్ కార్డు వచ్చాక డాలస్ దగ్గర 9 ఎంఎం పిస్టల్ కొన్నానని, నెలకు రెండుసార్లు షూటింగ్ రేంజ్‌కు వెళ్లి ప్రతిసారీ వంద రౌండ్ల (అంటే వంద తూటాల) దాకా కాలుస్తున్నానని రాశారు. ధరలు ఇంకా పెరుగుతాయని స్నేహితులు అంటుంటే అయిదు వేల రౌండ్లు కొనేయాలని చూస్తున్నారు. కొంత నిల్వ ఉండటం మంచిదే. కానీ మీ వాడకానికి అయిదు వేలు అక్కర్లేదు, ఒకేసారి కొనడం అసలే వద్దు. నేను చాలా ఏళ్లుగా టెక్సాస్‌లో ఉంటూ క్లబ్ పోటీల్లో కాలుస్తున్నాను. రెండు పెద్ద కొరతలు దగ్గరగా చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మొదటిది 2013లో వచ్చింది. 2012 డిసెంబరులో కనెక్టికట్‌లోని శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను ఒక దుండగుడు కాల్చి చంపాడు. కొత్త ఆంక్షలు వస్తాయన్న మాట మొదలవగానే జనం దుకాణాల మీద పడ్డారు. అందరికంటే ముందు మాయమైంది పాయింట్ 22 తూటా. పిల్లలకు గురి నేర్పడానికి, కుందేళ్ల వేటకు వాడే అతి చౌక రకం అది. ఏ చట్టం ముసాయిదాలోనూ దాన్ని నిషేధించే ఆలోచన లేదు. అయినా పక్కవాడు కొంటున్నాడని కొన్నారు. వాల్‌మార్ట్ మనిషికి రోజుకు మూడు పెట్టెలని పరిమితి పెట్టింది. దుకాణం తెరవకముందే వరుసలో నిలబడిన వాళ్లకే అవి దక్కేవి. మిగతా రకాలు సర్దుకున్నాక కూడా ఆ చిన్న తూటా చాలాకాలం దొరకలేదు.

పుకార్ల పాత్ర కూడా చూడండి. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రజలకు దొరకకుండా వందల కోట్ల తూటాలు కొని దాస్తోందని అప్పట్లో ఊరూవాడా చెప్పుకున్నారు. ప్రభుత్వ ఖర్చులపై నిఘా పెట్టే జీఏఓ లెక్కలు తీసి, 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ శాఖ కొన్నది ఏడాదికి సగటున 10.9 కోట్ల రౌండ్లని తేలింది. వేలాది మంది సాయుధ సిబ్బందికి శిక్షణ ఇచ్చే శాఖకు అది మామూలు అవసరమే. నివేదిక వచ్చేసరికి పుకారు విని గ్యారేజీలు నింపుకున్న వాళ్లు నింపుకున్నారు. ఇప్పుడు మీ స్నేహితులు చెబుతున్న మాట కూడా ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడగండి.

రెండోది 2020లో. కొవిడ్, అల్లర్లు, ఎన్నికలు ఒకే ఏడాది వచ్చాయి. ఆయుధాల కొనుగోళ్లకు సంబంధించి ఎఫ్‌బీఐ వ్యవస్థలో నమోదైన నేరచరిత్ర తనిఖీలు ఆ ఏడాది 3.97 కోట్లు. జీవితంలో మొదటిసారి తుపాకీ కొన్నవాళ్లు దాదాపు 84 లక్షల మందని తుపాకీల పరిశ్రమ సంఘం అంచనా వేసింది. ఒక్కొక్కరు యాభై రౌండ్ల పెట్టెలు రెండు కొన్నా 84 కోట్ల తూటాలు అదనంగా కావాలి. అంతకు ముందు ఏడాది పది డాలర్ల లోపు దొరికిన 9 ఎంఎం పెట్టె ఆ చలికాలానికి ముప్ఫై, నలభై డాలర్లకు వెళ్లింది.

ఆ వేసవిలో మా ఊరి దుకాణంలో చూసిన దృశ్యం చెబుతాను. తుపాకీల అద్దాల బీరువాలు సగం ఖాళీ. వెనుక గోడకు తూటాల అరల మీద ధరల చీటీలు మాత్రం వేలాడుతున్నాయి. కౌంటర్ దగ్గర ఒక నడివయసు ఆవిడ అప్పుడే కొన్న పిస్టల్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. దానికి ఒక్క పెట్టె తూటాలైనా ఇవ్వమని అడిగితే, లారీ మంగళవారం వస్తుందని, అప్పుడు కూడా మనిషికి ఒకటే ఇస్తామని చెప్పారు. ఒంటరిగా ఉంటోంది, భయపడి కొనుక్కుంది. ఒక్కసారి కూడా కాల్చి చూడకుండా ఆ పిస్టల్‌ను ఇంటికి తీసుకెళ్లింది. అదే వారం ఆ దుకాణం బయటే ఒకడు తెల్లవారుజామున వరుసలో నిలబడి కొన్న పెట్టెలను మూడింతల ధరకు అమ్ముకుంటున్నాడు. అలాంటి వాళ్ల దగ్గర ఎప్పుడూ కొనకండి. వాడికి లాభం వచ్చినన్నాళ్లు వాడు ఆ వరుస వదలడు, అవసరమున్న మనిషికి పెట్టె దొరకదు.

ఇంత గిరాకీ ఉంటే కర్మాగారాలు ఎక్కువ చేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గొట్టం, సీసం మీద రాగి తొడుగున్న గుండు, లోపలి తుపాకీ మందు, అడుగున ఆ మందును అంటించే ప్రైమర్. చిక్కంతా ఆ ప్రైమర్ దగ్గరే. అది కందిగింజకంటే చిన్నది. అందులోని మిశ్రమం ఆరితే చిన్న తాకిడికే పేలుతుంది. అందుకని తడిముద్దగా ఉన్నప్పుడే చిల్లుల పళ్లెంలో రుద్ది, బుల్లి లోహపు చిప్పల్లోకి నింపుతారు. చేయి తిరిగిన పనివాళ్లు కావాలి, భద్రతా నియమాలు కఠినం. అమెరికాలో దాన్ని పెద్ద ఎత్తున చేసేవి సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్ కర్మాగారాలే. రాత్రికి రాత్రి ఇంకొకటి లేవదు.

దీనికి తోడు కంపెనీల పాత గాయం ఒకటుంది. ఆంక్షల భయంతో వచ్చిన గిరాకీ 2016 ఎన్నికల తరువాత ఆ భయం పోవడంతో ఒక్కసారిగా పడిపోయింది. రెమింగ్టన్ 2018లో దివాలా తీసింది, 2020 జూలైలో మళ్లీ తీసింది. అంటే దేశమంతా తూటాల కోసం వెతుకుతున్న నెలల్లోనే ఆర్కన్సాలోని లోనోక్‌లో దాని తూటాల కర్మాగారం అమ్మకానికి వచ్చింది. విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీ దాన్ని కొన్నది. 2024లో విస్టా తన తూటాల వ్యాపారం మొత్తాన్ని చెక్ దేశపు సీఎస్‌జీకి అమ్మేసింది. రెండేళ్ల గిరాకీ చూసి పదేళ్ల పెట్టుబడి పెట్టడానికి ఈ రంగంలో ఎవరూ ముందుకు రారు. వాళ్లను తప్పుపట్టలేను. కొనేవాళ్లం స్థిరంగా కొంటేనే చేసేవాళ్లు స్థిరంగా చేస్తారు.

భయంతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. రష్యా ప్రతిపక్ష నేత నావల్నీపై విషప్రయోగం కేసులో అమెరికా 2021 సెప్టెంబరు నుంచి రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఆపేసింది. ఇనుప గొట్టాల చౌక తూటాలు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేవి. ఉక్రెయిన్ యుద్ధంతో మందు తయారీకి కావలసిన నైట్రోసెల్యులోజ్ ఫిరంగి గుండ్ల వైపు పోయింది. 2025 ఆగస్టు నుంచి సగం తయారైన రాగి ఉత్పత్తుల దిగుమతిపై 50 శాతం సుంకం పడింది. ఇలాంటి పెరుగుదల నెమ్మదిగా వస్తుంది, పూర్తిగా వెనక్కి పోకపోవచ్చు. పెట్టెకు ఒకటి రెండు డాలర్లు పెరిగితే తట్టుకోవచ్చు. భయం వల్ల వచ్చే పెరుగుదలే మూడు నాలుగింతలు ఉంటుంది, అదే కొంతకాలానికి దిగుతుంది కూడా. మీ నిల్వ ఆ రెండో రకాన్ని దాటించడానికే.

ఇప్పుడు మీ లెక్కకు వస్తాను. మీ వాడకం నెలకు 200 రౌండ్లు. కొరత వచ్చినప్పుడు దాన్ని సగానికి తగ్గించి, మిగతా సాధన ఇంట్లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి చేయవచ్చు. ఆ సమయంలో తూటాలు వేరే గదిలో ఉండాలి, పిస్టల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోవాలి. 2020లో నా సాధన నిలబడింది ఇలాగే. అంటే 1,200 రౌండ్లుంటే ఏడాది గడుస్తుంది. మన ఇళ్లలో వేసవిలోనే ఏడాదికి సరిపడా మిరపకాయలు, చింతపండు కొని పెట్టుకున్నట్టు, దుకాణంలో అరలు నిండుగా ఉన్నప్పుడు కొనాలి. ప్రతి నెలా వాడే 200కు మరో వంద కలిపి కొనండి, ఏడాదిలో ఆ నిల్వ చేరుతుంది. ధర చూసేటప్పుడు పెట్టె మీది అంకె వదిలేసి, పన్ను, రవాణా కలిపి ఒక్కో రౌండుకు ఎంత పడిందో లెక్కించండి. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించేది రవాణా ఖర్చు కలిపితే చాలాసార్లు ఊళ్లో ధర కంటే ఎక్కువవుతుంది. వెయ్యి రౌండ్లు పన్నెండు కిలోల దాకా బరువుంటాయి మరి.

నిల్వ పెద్ద కష్టం కాదు. అసలు పెట్టెల్లోనే ఉంచి, రబ్బరు పట్టీ ఉన్న ఇనుప డబ్బాలో, తేమ పీల్చే పొట్లంతో ఇంటి లోపల పెట్టండి. టెక్సాస్ వేసవిలో గ్యారేజీ పనికిరాదు. కొన్న నెల డబ్బా మీద రాసి, పాతవి ముందు వాడండి. పిల్లలుంటే తాళం తప్పనిసరి.

మీరు అడగలేదు గాని, అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇది. మీకు గ్రీన్ కార్డు వచ్చింది. మీ ఇంట్లో ఇంకెవరైనా హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉన్నారా? నాన్-ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు తుపాకీనే కాదు, తూటాను కలిగి ఉండటం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు. హెచ్-1బీ మీద ఉన్న మన పిల్లలు సరదాగా స్నేహితులతో రేంజ్‌కు వెళ్లి ఫొటోలు పెట్టడం చూస్తే గుండె గుభేలుమంటుంది. మీ నిల్వ తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. ఇంట్లో అలాంటి వీసా ఉన్నవాళ్లుంటే కొనే ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా అక్కడి విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

పెద్ద పెట్టె కొనే ముందు రెండు మూడు కంపెనీల యాభై రౌండ్ల పెట్టెలు కొని కాల్చి చూడండి. కొన్ని పిస్టళ్లకు కొన్ని రకాలు ఇరుక్కుంటాయి. ఏది ఇరుక్కోకుండా ఆడిందో చూసుకున్నాక, నెలనెలా దాన్నే కొనండి.